టీకా చీటీ, బీమా ఫారం

ఆరోగ్య బీమా ప్రపోజల్ ఫారం నింపడానికి కూర్చున్న మనిషికి ఎక్కడో ఒకచోట కలం ఆగుతుంది. నిరుడు వీధికుక్క కరిస్తే అయిదు సూదులు వేయించుకున్నాడు, అది రాయాలా? ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరేటప్పుడు హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేశారు, దాన్ని చెప్పాలా? అమ్మకు చలికాలంలో ఆయాసం వస్తుందని డాక్టరు న్యుమోనియా టీకా వేశారు, ఆ కాగితం బయటపెట్టాలా, బీరువాలోనే ఉంచాలా? పక్కన కూర్చున్న ఏజెంటు సాధారణంగా ఒకటే మాట అంటాడు: "అవన్నీ రాస్తే కేసు మెడికల్‌కు వెళుతుందండీ. అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేయండి."

ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం నాలుగేళ్ల తర్వాత, ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న కుటుంబానికి తెలిసి వస్తుంది. ఇంత చిన్నదిగా కనిపించే విషయాన్ని ఒక స్మారకోపన్యాసానికి ఎంచుకోవడానికి కారణం అదే. టీకా వేయించుకున్నవాడు తన ఆరోగ్యాన్ని కాపాడుకున్నవాడు. అతడు బీమా కంపెనీ ముందు భయపడుతూ నిలబడవలసిన పరిస్థితి ఎక్కడో ఏదో గాడి తప్పిందని చెబుతోంది.

టీకాకూ బీమాకూ చుట్టరికం పాతది. 1760లో స్విట్జర్లాండు గణితవేత్త డానియల్ బెర్నూలి పారిస్‌లోని విజ్ఞాన అకాడమీకి ఒక పత్రం సమర్పించాడు. ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి టీకా రావడానికి అప్పటికింకా 36 ఏళ్లుంది. మశూచి పొక్కుల రసిని ఆరోగ్యవంతుల చర్మంలోకి ఎక్కించే పాత పద్ధతి మీదే యూరప్‌లో వాదోపవాదాలు నడుస్తున్నాయి. ఎక్కించుకున్నవాళ్లలో కొందరు ఆ ప్రక్రియతోనే పోయేవారు. బెర్నూలి భావోద్వేగాలు పక్కనపెట్టి జనన మరణాల పట్టికలు తీశాడు. మశూచి బెడదే లేకపోతే, పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 26 ఏళ్ల 7 నెలల నుంచి 29 ఏళ్ల 9 నెలలకు పెరుగుతుందని తేల్చాడు. ఎక్కించుకున్న ప్రతి 200 మందిలో ఒకరు పోయినా ఆ లాభం పెద్దగా తరగదని కూడా చూపించాడు. బీమా గణితానికీ రోగ నివారణకూ జరిగిన తొలి పరిచయాల్లో ఇది ఒకటి.

ఆ లెక్కకు అభ్యంతరం చెప్పినవాడు సామాన్యుడు కాదు, ఫ్రెంచి గణితవేత్త దలాంబేర్. సగటు ఆయుర్దాయం పెరగడం సమాజానికి లాభమే కావచ్చు. కానీ ఎక్కించుకున్న వ్యక్తికి ముప్పు ఈ నెలలోనే ఉంది, లాభమేమో ఎన్నో ఏళ్ల తర్వాతది. రెంటినీ ఒకే తూకంలో వేయడం సబబేనా అని అడిగాడు. రెండున్నర శతాబ్దాలు గడిచినా ఆ ప్రశ్న అలాగే నిలిచి ఉంది. బీమా కంపెనీ సగటును చూస్తుంది, తల్లి తన బిడ్డను చూస్తుంది. మంచి నిబంధన ఏదైనా ఈ ఇద్దరికీ సమాధానం చెప్పగలగాలి.

బొంబాయిలో 1802 జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు మశూచి టీకా వేశారు. భారతదేశంలో ఆ టీకా పడిన తొలి మనిషి ఆ పాపే. టీకా ప్రపంచమంతా పాకిన 19వ శతాబ్దంలో బ్రిటన్ జీవిత బీమా దరఖాస్తుల్లో ఒక ప్రశ్న మామూలైపోయింది: మశూచి వచ్చి తగ్గిందా, లేక గోమశూచి టీకా పడిందా? రెండింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటే కంపెనీకి ఊరట. ఏదీ జరగని మనిషి దగ్గరే కంపెనీ వెనకాడేది. అంటే టీకా గురించి బీమావాళ్లు అడిగిన తొలినాళ్లలో చేతి మీది టీకా మచ్చ దరఖాస్తుదారుకు యోగ్యతాపత్రం. భయపడవలసింది అది లేనివాడు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి అంతమైందని ప్రకటించింది. ఆ ప్రశ్నకు ఇక పనిలేకుండా పోయింది.

ఇక చట్టం సంగతి. బీమా ఒప్పందానికి ప్రాణం పరమ విశ్వాసం. అడిగేవాడికి తెలియని విషయాలు చెప్పేవాడికి తెలుసు కాబట్టి, చెప్పేవాడు దాచకూడదు. ఈ సూత్రానికి పునాది వేసిన తీర్పు ఇంగ్లండులో 1766లో వచ్చిన కార్టర్, బోహెం కేసు. సుమత్రా దీవిలోని బెంకూలెన్ దగ్గర ఈస్టిండియా కంపెనీకి మార్ల్‌బరో కోట ఉండేది. దాని గవర్నరు జార్జ్ కార్టర్ ఆ కోట శత్రువుల పాలైతే నష్టపరిహారం వచ్చేలా లండన్‌లో బీమా చేయించాడు. 1760లో ఫ్రెంచివాళ్లు కోట పట్టుకున్నారు. కోట బలహీనంగా ఉందనీ, ఫ్రెంచి దాడి భయం ఉందనీ ముందే చెప్పలేదు కాబట్టి డబ్బు ఇవ్వనన్నాడు బీమా ఇచ్చిన చార్లెస్ బోహెం. న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కార్టర్ పక్షాన నిలిచాడు.

ఆ తీర్పును చాలామంది 'ఏదీ దాచకూడదు' అన్న ఒక్క ముక్కకే కుదించి చెబుతారు. మాన్స్‌ఫీల్డ్ దానికి రెండో వైపు కూడా చెప్పాడు. బీమా ఇచ్చేవాడికి ముందే తెలిసిన సంగతి, తెలిసి ఉండవలసిన సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. ముప్పును తగ్గించే సంగతి కూడా చెప్పనక్కర్లేదు. భారత పార్లమెంటు 1963లో చేసిన సముద్ర బీమా చట్టం 20వ సెక్షన్‌లో ఇదే మాట ఉంది: బీమాదారు ప్రత్యేకంగా అడగనప్పుడు, ముప్పును తగ్గించే పరిస్థితులను వెల్లడించవలసిన పని లేదు. అది ఓడలకూ సరుకులకూ వర్తించే చట్టమే, ఆరోగ్య పాలసీకి నేరుగా వర్తించదు. అయినా న్యాయం మూలం ఒకటే. టీకా ముప్పును తగ్గించేది. పోలియో చుక్కలూ తట్టు టీకాలూ దేశమంతా పిల్లలకు వేస్తున్న సంగతి ఏ బీమా కంపెనీకి తెలియదు? పైగా అడగకపోతే చెప్పనక్కర్లేదన్న ఈ వెసులుబాటు అబద్ధానికి అనుమతి కాదు. అడిగితే మాత్రం నిజమే చెప్పాలి.

భారత సుప్రీంకోర్టు ఈ గీతను గట్టిగానే గీసింది. 2009 నాటి సత్వంత్ కౌర్ సంధూ కేసులో, పాలసీదారు తన మధుమేహాన్నీ కిడ్నీ జబ్బునూ ఫారంలో చెప్పలేదు. క్లెయిం తిరస్కరించిన కంపెనీ నిర్ణయాన్ని కోర్టు సమర్థించింది. 2021 డిసెంబరులో వచ్చిన మన్‌మోహన్ నందా తీర్పు రెండో వైపును చూపింది. అమెరికా వెళుతూ విదేశీ ప్రయాణ పాలసీ తీసుకున్న మనిషికి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో గుండెపోటు వచ్చింది. అతడు మధుమేహం ఉందని ముందే చెప్పాడు. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రల పేరు చెప్పలేదని కంపెనీ క్లెయిం కొట్టేసింది. చెప్పిన జబ్బును అంచనా వేసుకుని, ప్రీమియం తీసుకుని పాలసీ ఇచ్చాక, అదే జబ్బు పేరుతో వెనక్కి తగ్గడం కుదరదని కోర్టు తేల్చింది. ఈ రెండు తీర్పుల సారం దరఖాస్తుదారుకు చాలా ఉపయోగపడుతుంది: చెప్పిన సంగతి కాపాడుతుంది, దాచిన సంగతి కాటేస్తుంది.

టీకా వేయించుకోవడం చెప్పవలసిన సంగతేనా అన్నది అసలు మెలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ పుస్తకం పదో కూర్పును తిరగేస్తే జవాబు సగం దొరుకుతుంది. ఆసుపత్రులు బిల్లుల మీద వేసే కోడ్‌లకు అదే ఆధారం. క్షయ, మధుమేహం, గుండె జబ్బులు అన్నిటికీ అందులో అధ్యాయాలున్నాయి. టీకాలు ఆ జబ్బుల అధ్యాయాల్లో ఎక్కడా లేవు. ఆరోగ్యవంతులు ఆసుపత్రి గడప తొక్కే కారణాలకు చివర్లో కేటాయించిన అధ్యాయంలో, జెడ్ అక్షరం కింద ఉన్నాయి. రేబీస్ టీకాకు వచ్చినవాడి కోడ్ జెడ్-24. కుక్క కాటుకు మరో అధ్యాయంలో డబ్ల్యూ-54. టీకా వేయించుకోకుండా మానేసినందుకు కూడా ఒక కోడ్ ఉంది, జెడ్-28. టీకా జబ్బు కాదన్నది ఎవరో వాదించి గెలవవలసిన విషయం కాదు. వైద్య ప్రపంచం దాన్ని ఎప్పుడో ఒప్పుకుంది.

కానీ టీకా వెనక ఒక కారణం ఉండవచ్చు. బీమా కంపెనీలో దరఖాస్తులు పరిశీలించే అధికారి చూసేది ఆ కారణాన్నే.

కుక్క కాటునే తీసుకుంటే, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న మాట ఇప్పటికీ పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది. గొర్రె మెదడుతో తయారయ్యే ఆ పాత సెంపుల్ టీకా వల్ల కొందరికి నరాల జబ్బులు, పక్షవాతం లాంటివి వచ్చేవి. ఆ కాలంలో టీకా గురించి కూడా అడగడానికి కంపెనీకి ఒక సాకు ఉండేది. 2005 నాటికి ఆ టీకా దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు వేసేది కణాల మీద పెంచి శుద్ధి చేసిన టీకా. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసే అభయ్‌రాబ్ అలాంటిదే. చేతికి వేస్తారు, నాలుగైదు డోసుల్లో అయిపోతుంది. కోర్సు పూర్తిచేసి, గాయం మాని నెలలు గడిచిన మనిషి దగ్గర బీమా కంపెనీకి మిగిలిన ముప్పేమీ లేదు. గత కొన్నేళ్లలో గాయాలకు, జబ్బులకు తీసుకున్న చికిత్స గురించి ఫారం అడిగితే తేదీ వేసి, కుక్క కాటు, టీకా కోర్సు పూర్తి, ఇబ్బంది లేదు అని ఒక్క వరుస రాస్తే సరిపోతుంది.

న్యుమోనియా రాకుండా వేసే న్యుమోకాకల్ టీకా కథ వేరు. అరవై దాటినవాళ్లకు అది మామూలు సలహా. అదే టీకా ముప్ఫై ఏళ్ల యువకుడికి వేస్తే పరిశీలకుడు ఎందుకని అడుగుతాడు. ప్లీహం తీసేసినవాళ్లకు, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు దాన్ని తప్పనిసరిగా వేయిస్తారు. అక్కడ చెప్పవలసింది టీకా గురించి కాదు, ఆపరేషన్ గురించి, ఊపిరితిత్తుల గురించి. అసలు జబ్బును రాసినవాడు టీకాను విడిగా రాయకపోయినా ఎవరూ తప్పుపట్టలేరు. టీకాను రాసి జబ్బును దాచినవాడి చీటీ మాత్రం అతణ్నే పట్టిస్తుంది.

ఇంకా విచిత్రమైనది బీసీజీ. పుట్టిన బిడ్డ ఎడమ భుజానికి వేసే ఆ క్షయ టీకానే మూత్రాశయ క్యాన్సర్ తొలి దశలో ఉన్నవాళ్లకు గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. అరవై అయిదేళ్ల మనిషి డిశ్చార్జి కాగితం మీద ఆరు వారాలు బీసీజీ అని ఉంటే అది నివారణ టీకా కాదు, క్యాన్సర్ చికిత్స. ఆ మనిషి అమాయకంగా "నాకు బీసీజీ వేశారు, చిన్నపిల్లలకు వేసేదే" అనుకుని 'లేదు' అని టిక్కు పెడితే అది ప్రాణాంతకమైన పొరపాటు అవుతుంది. ఏజెంటు ఇచ్చిన ధైర్యం అక్కడ ఎందుకూ పనికిరాదు.

పరీక్షల దగ్గర తలెత్తే చిక్కు గురించి డాక్టర్లకు తెలుసు, దరఖాస్తుదారులకు చాలామందికి తెలియదు. నలభై అయిదో, యాభయ్యో దాటినవాళ్లకు, పెద్ద మొత్తం పాలసీ కోరేవాళ్లకు కంపెనీలు రక్తపరీక్ష చేయిస్తాయి. అందులో హెపటైటిస్-బి ఉపరితల ప్రతిజనకం ఉందేమో చూడవచ్చు. హెచ్‌బీఎస్‌ఏజీ అని రిపోర్టులో కనిపించేది అదే. టీకాలో ఉండేది సరిగ్గా ఆ ప్రొటీనే. టీకా పడిన తర్వాత దాదాపు 18 రోజుల వరకు కూడా ఆ పరీక్ష పాజిటివ్‌గా కనిపించిన ఉదంతాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం నమోదు చేసింది. సోమవారం టీకా వేయించుకుని గురువారం బీమా పరీక్షకు రక్తమిచ్చిన నర్సు, ఒంట్లో ఏ వైరస్సూ లేకుండానే హెపటైటిస్-బి రోగిగా కాగితం మీదికి ఎక్కవచ్చు. టీకా వేసుకున్నాక నెల రోజులు ఆగి రక్తమివ్వడం, అప్పటికే రిపోర్టు వచ్చేసి ఉంటే కోర్ యాంటీబాడీ పరీక్షా, వైరల్ డీఎన్ఏ పరీక్షా చేయించమని రాతపూర్వకంగా అడగడం దీనికి మందు. టీకా మాత్రమే పడిన మనిషిలో కోర్ యాంటీబాడీ కనిపించదు. ఇక యాంటీ-హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే రక్షణ వచ్చిందని అర్థం. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల ఈ రెండు రిపోర్టులనూ తారుమారుగా చదివే ప్రమాదం ఎప్పుడూ ఉంది. ఫ్లూ టీకా తర్వాత కొద్ది రోజులు హెచ్ఐవీ, హెపటైటిస్-సి ఎలీసా పరీక్షలు అరుదుగా తప్పుడు పాజిటివ్ చూపడం, బీసీజీ పడినవాళ్లకు మాంటూ పరీక్షలో చేయి ఉబ్బడం కూడా ఈ కోవలోవే.

హెపటైటిస్-బి దగ్గర ఇంతసేపు ఆగడానికి మరో కారణం ఉంది. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ, అంటే ఐఆర్‌డీఏఐ, 2019 సెప్టెంబరులో ఆరోగ్య పాలసీల మినహాయింపులను ప్రామాణికం చేసింది. దరఖాస్తు నాటికే కొన్ని తీవ్రమైన జబ్బులుంటే, దరఖాస్తుదారు సమ్మతితో ఆ జబ్బును శాశ్వతంగా మినహాయించి పాలసీ ఇవ్వవచ్చని అందులో జాబితా ఇచ్చింది. మూర్ఛ, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, పార్కిన్సన్స్ పక్కన హెపటైటిస్-బి కూడా ఆ జాబితాలో ఉంది. జబ్బు వస్తే పాలసీలో దానికి జీవితకాలం తలుపు మూసుకుపోవచ్చు. ఆ జబ్బు రాకుండా ఆపే టీకా ఉంది. ఆ టీకాను వేయించుకున్న మనిషి, వేయించుకున్నందుకే ఫారం ముందు తడబడుతున్నాడు. ఈ స్థితి ఎంత అన్యాయమో వేరే చెప్పాలా!

ఆ టీకాకు తెలుగు నేలతో ఉన్న బంధం చెప్పుకోదగినది. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి తన తల్లి శాంతమ్మ పేరుతో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో పరిశోధన సాగించి 1997లో శాన్‌వాక్-బి తెచ్చారు. జన్యు సాంకేతికతతో భారతదేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి టీకా అది. అప్పటిదాకా దిగుమతి టీకా ధర మధ్యతరగతికే అందేది కాదు. దేశీయ టీకాతో ధర పడిపోయింది. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా దేశమంతా పిల్లల సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి వచ్చింది. ఆ కార్యక్రమానికి ముందు పుట్టిన పెద్దవాళ్లు మాత్రం సొంత డబ్బుతో వేయించుకోవలసిందే.

సొంత డబ్బు అన్న మాట దగ్గర బీమా కంపెనీల బాధ్యత మొదలవుతుంది. చాలా ఆరోగ్య పాలసీల మినహాయింపుల పేజీలో ఒక వాక్యం ఉంటుంది: జంతువు కాటు తర్వాత వేసేవి తప్ప ఎలాంటి టీకా ఖర్చూ చెల్లించం. పైగా టీకా ఆసుపత్రిలో చేరకుండా వేయించుకునేది. 24 గంటల చేరిక అడిగే పాలసీలో దానికి చోటే ఉండదు. ప్రసూతి కవరేజీ ఉన్న కొన్ని పాలసీలు పుట్టిన బిడ్డకు మొదటి ఏడాది టీకాలు ఇస్తాయి. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్స (ఓపీడీ) కలిపిన ఖరీదైన పాలసీలు కొన్ని పెద్దలకూ ఇస్తాయి. మిగిలినవారికి లేదు. నరాల వెంట మంటతో వచ్చే సర్పికి కొత్తగా వచ్చిన టీకా ఒక్కో డోసే పది వేల రూపాయలు దాటుతుంది, రెండు డోసులు కావాలి. పింఛనుదారు ఆ డబ్బు ఎక్కడ తెస్తాడు? న్యుమోనియాతో అయిదు రోజులు ఆసుపత్రిలో చేరితే లక్షలు చెల్లించడానికి ఒప్పుకునే పాలసీ, దాన్ని ఆపే టీకాకు నాలుగు వేలు ఇవ్వనంటుంది. బెర్నూలి లెక్క తెలిసిన ఏ బీమా గణకుడూ సమర్థించలేని పద్ధతి ఇది.

అమెరికాలో 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని తలకిందులు చేసింది. నిపుణుల సలహా సంఘం సిఫారసు చేసిన టీకాలను ప్రైవేటు ఆరోగ్య పాలసీలు రోగి చేతి నుంచి ఏమీ వసూలు చేయకుండా ఇవ్వాలి. 2014 నుంచి అక్కడి వ్యక్తిగత పాలసీ దరఖాస్తులో పాత జబ్బులను బట్టి తిరస్కరించడమే నిషేధం. అందువల్ల టీకా రాయాలా వద్దా అన్న బెంగే అక్కడ లేదు.

కోవిడ్ రోజుల్లో ప్రశ్న మరో రూపం తీసుకుంది. 2021 ఆగస్టులో అమెరికా విమాన సంస్థ డెల్టా, టీకా వేయించుకోని ఉద్యోగులు కంపెనీ ఆరోగ్య పథకంలో ఉండాలంటే నవంబరు నుంచి నెలకు 200 డాలర్లు అదనంగా కట్టాలని ప్రకటించింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన ఒక్కో ఉద్యోగికి సగటున 50,000 డాలర్లు ఖర్చవుతోందని లెక్క చూపింది. సింగపూర్ ప్రభుత్వం ఆ ఏడాది డిసెంబరు 8 నుంచి, అవకాశం ఉండీ టీకా వద్దన్న కోవిడ్ రోగుల ఆసుపత్రి బిల్లు వాళ్లనే కట్టుకోమంది. భారతదేశం ఆ దారి తొక్కలేదు. టీకా వేయించుకోలేదన్న కారణంతో కోవిడ్ క్లెయిం తిరస్కరించే నిబంధన ఇక్కడి పాలసీల్లో రాలేదు. 2021 మార్చిలో ఐఆర్‌డీఏఐ ఇంకో మంచి పని చేసింది. కోవిడ్ టీకా వికటించి ఆసుపత్రిలో చేరితే పాలసీ షరతులకు లోబడి ఆ ఖర్చు చెల్లించవలసిందేనని స్పష్టం చేసింది. దలాంబేర్ అడిగిన ప్రశ్నకు ఇదే తగిన జవాబు: సమాజ మేలు కోసం సూది వేయించుకున్న ఒక్క మనిషికి నష్టం జరిగితే ఆ భారం అతడి నెత్తిన వేయకూడదు. టీకా లేనివాళ్లను శిక్షించడం కన్నా వేయించుకున్నవాళ్లకు ప్రోత్సాహం ఇవ్వడమే మేలు. ప్రీమియం పెంపు పేదవాడికీ, ఊరికి దూరంగా ఉన్నవాడికీ ముందుగా తగులుతుంది. టీకా అందనివాళ్లు ఎక్కువగా వాళ్లే.

వికటించిన టీకా విషయంలో దరఖాస్తుదారు బాధ్యత కూడా ఉంది. టీకా తర్వాత ఒకరోజు జ్వరం, చేయి నొప్పి రాయనక్కర్లేదు. ఊపిరాడక ఆసుపత్రిలో చేరిన తీవ్ర అలెర్జీ ఉంటే మాత్రం ఆ చేరికను రాయాలి. అక్కడ అడిగేది ఆసుపత్రి చేరిక గురించి.

జర్మనీలో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు ఫారంలో ఏం రాయాలన్న ఈ చర్చ రోజువారీ విషయం. అక్కడ జీతం ఒక పరిమితి దాటితే, 2025లో అది ఏడాదికి 73,800 యూరోలు, ప్రభుత్వ ఆరోగ్య బీమా వదిలి ప్రైవేటు బీమాకు వెళ్లవచ్చు. ప్రైవేటు కంపెనీలు దరఖాస్తులో సాధారణంగా గత మూడేళ్ల డాక్టరు సలహాలు, చికిత్సలు, పరీక్షలు, అయిదేళ్ల ఆసుపత్రి చేరికలు అడుగుతాయి. మానసిక చికిత్స అయితే ఇంకా వెనక్కి వెళతాయి. జవాబు చూసి అదనపు ప్రీమియం వేయవచ్చు, తిరస్కరించనూ వచ్చు. 2008లో అమల్లోకి వచ్చిన కొత్త బీమా ఒప్పంద చట్టం ఒక మేలు చేసింది: కంపెనీ రాతపూర్వకంగా అడిగిన ప్రశ్నకే జవాబు చెబితే చాలు, అడగనిది ఊహించి చెప్పవలసిన పని లేదు. అక్కడా చిక్కు ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లారా అని అడిగితే టీకా కోసం వెళ్లడం కూడా వెళ్లడమే. అందుకే కొన్ని కంపెనీలు ఫారంలోనే ఒక వాక్యం పెట్టాయి: నివారణ టీకాలు, ఏ జబ్బూ బయటపడని ముందస్తు పరీక్షలు రాయనక్కర్లేదు. ఆ ఒక్క వాక్యంతో దరఖాస్తుదారు భయం పోతుంది, ఏజెంటుకు తప్పుడు సలహా చెప్పే అవసరం పోతుంది, పరిశీలకుడికి పనికిరాని కాగితాల గుట్ట తప్పుతుంది. అక్కడి తెలివైన దరఖాస్తుదారులు మరో రెండు పనులు చేస్తారు. ముందు డాక్టరు దగ్గరి తమ రికార్డు నకలు తీసుకుని అందులో ఏ జబ్బు పేరు రాశారో చూసుకుంటారు. తర్వాత బ్రోకరు ద్వారా, పేరు చెప్పకుండా, ఇలాంటి చరిత్ర ఉన్న మనిషికి పాలసీ ఇస్తారా అని వాకబు చేయిస్తారు. రికార్డు నకలు తీసుకోవడం ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా అలవాటు చేసుకోదగిన పని.

ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న కుటుంబానికి ఈ ప్రశ్నలేవీ లేవు. ఫారంలో జబ్బుల పట్టికే ఉండదు. ఈ గొడవంతా సొంత ప్రీమియం కట్టుకునే మధ్యతరగతిది. వాళ్లకు 2024లో కొంత రక్షణ పెరిగింది. ముందు నుంచి ఉన్న జబ్బులకు ఎదురుచూపు గడువు గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది. అయిదేళ్లు ఎడతెగకుండా పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిం కొట్టేయకూడదు. ఆ అయిదేళ్లలోపు వచ్చే క్లెయిములకే ఫారంలో రాసినదాని అవసరం ఎక్కువ.

కాబట్టి ఫారం నింపే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. ప్రశ్నను చివరి అక్షరం దాకా చదవండి. అడిగినదానికి నిజం రాయండి. బాల్యంలో వేసిన టీకాలు, ప్రయాణం కోసం వేసిన ఎల్లో ఫీవర్ టీకా, ఉద్యోగం కోసం వేసిన హెపటైటిస్-బి, ఇవి జబ్బులు కావు. ఫారం విడిగా అడగకపోతే రాయనక్కర్లేదు. టీకా వెనక జబ్బు ఉంటే ఆ జబ్బును రాయండి. ఫారం ఏజెంటు నింపినా సంతకం మీదే, జవాబుదారీ మీదే. ఆ ఫారం నకలును పాలసీ కాగితాలతో పాటు దాచుకోండి. పాలసీ వచ్చాక 30 రోజుల్లో చదివి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. కంపెనీతో తగవు తెగకపోతే అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది, ఫిర్యాదుకు రుసుము లేదు.

రెండో మనవి ఐఆర్‌డీఏఐకి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో ఉంది. హెపటైటిస్-బి, రేబీస్, టైఫాయిడ్, రోటా వైరస్ టీకాలు తయారయ్యే ప్రయోగశాలలూ ఈ నగరంలోనే ఉన్నాయి. నివారణ టీకాలను ఈ దరఖాస్తులో పేర్కొనవలసిన అవసరం లేదు, వాటి కారణంగా ప్రీమియం పెంచకూడదు అన్న ఒక వాక్యాన్ని ప్రతి ఆరోగ్య బీమా ఫారంలో తప్పనిసరి చేయాలి. పెద్దలకు డాక్టర్లు సిఫారసు చేసే ఫ్లూ, న్యుమోనియా, హెపటైటిస్-బి టీకాల ఖర్చును ప్రామాణిక పాలసీల్లో చేర్చాలి. మొదటిదానికి ఒక సర్క్యులర్ చాలు. రెండోదానికి ప్రీమియం లెక్కలు మళ్లీ వేయాలి, కొంత సమయం పడుతుంది. కనీసం మొదటిది ఈ ఏడాదే చేయాలని ఈ వేదిక నుంచి కోరడం జరుగుతోంది.